అత్తయ్యగారి పింఛను, యెరూషలేము కవరు

సంక్రాంతి వెళ్ళిన వారం మా ఇంట్లో చిన్న గొడవ జరిగింది. గొడవంటే కేకలేం లేవు. మా అత్తయ్యగారు ఆకలి లేదని రెండు పూటలు అన్నం మానేశారు. నేను రెండుసార్లు పిలిచి ఊరుకున్నాను. మా వారు టీవీ సౌండు పెంచుకున్నారు. మా రాజోలు వైపు ఇళ్ళల్లో పెద్ద గొడవలు కూడా చాలావరకు ఇలాగే జరుగుతాయి.

కారణం ఒక కవరు. ఊళ్ళో మూడు రాత్రులు ఉజ్జీవ కూటాలు పెట్టారు. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు చివరి రాత్రి, లోకమంతా చెదిరిపోయిన యూదుల్ని వాళ్ళ దేశం చేర్చే పనికి మనం కూడా చెయ్యి వెయ్యాలని చెప్పి కవర్లు పంచారు. అత్తయ్యగారు రెండు నెలల పింఛను, నాలుగూ నాలుగూ ఎనిమిది వేలు, అందులో పెట్టి అంటించి ఇచ్చేశారు. ఇచ్చొచ్చాక నాకు చెప్పారు. "ముందే చెబితే ఇవ్వనివ్వవుగా" అన్నారు. నిజమే, ఇవ్వనిచ్చేదాన్ని కాదు.

మిగిలిపోయిన ఖాళీ కవరొకటి ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ఉంది. దాని మీద యెరూషలేము బొమ్మ, మధ్యలో మెరిసిపోతున్న బంగారు గుమ్మటం. మా వైపు క్రైస్తవుల ఇళ్ళల్లో క్యాలెండర్ల మీదా, పెళ్ళి కార్డుల మీదా ఈ గుమ్మటం మీరు చూసే ఉంటారు. చాలామంది అదే సొలొమోను కట్టిన దేవాలయం అనుకుంటారు. నేనూ పెళ్ళయ్యేదాకా అలాగే అనుకున్నాను. కానీ అది ముస్లింల పవిత్ర స్థలం, 7వ శతాబ్దం చివర్లో కట్టింది. యూదుల దేవాలయాన్ని రోమా సైన్యం క్రీ.శ. 70లోనే పడగొట్టేసింది. యూదుల కోసం చందా అడిగే కవరు మీద ఏ బొమ్మ వేస్తున్నామో చూసుకోని వాళ్ళు, లోపల వేసిన డబ్బు ఎక్కడికి పోతుందో చూసుకుంటారా? నా కోపం అక్కడ మొదలైంది.

అయితే ఈ విషయం అంత తేలిక కాదు. ఎందుకంటే మా ఇంటికి యెరూషలేముతో ఉన్న సంబంధం కవరుది మాత్రమే కాదు.

మా చిన్న ఆడపడుచు ఎనిమిదేళ్ళుగా ఇశ్రాయేలులో ఉంటోంది. టెల్ అవీవ్ పక్కన పెతాహ్ తిక్వా అనే ఊళ్ళో ఒక యూదు ముసలావిడని చూసుకుంటుంది. మా వీధిలో కువైట్, మస్కట్, బహ్రెయిన్ వెళ్ళిన ఆడవాళ్ళు లేని ఇళ్ళు లెక్కపెట్టడమే తేలిక. ఇశ్రాయేలు వెళ్ళేవాళ్ళు తక్కువ, ఏజెంటుకి కట్టేది ఎక్కువ. అరెకరం కొబ్బరితోట తాకట్టు పెట్టి పంపాం. దాని మీద వచ్చే కాయ దింపుకునే హక్కు కూడా నాలుగేళ్ళు మాకు లేదు. ఆమె జీతంతోనే తోట విడిపించాం, ఆమె కూతురు కాకినాడలో నర్సింగు చదువుతోంది. కూతురు మా దగ్గరే పెరిగింది. పదో తరగతి పరీక్షకి పెన్ను కొనిచ్చింది నేను, తల కడిగి జడేసింది అత్తయ్యగారు.

ఆడపడుచు ఆ ముసలావిడని "సవ్తా" అంటుంది. హీబ్రూలో నాయనమ్మ, అమ్మమ్మ రెంటికీ అదే మాటట. ఆవిడ చిన్నప్పుడు పోలెండులో యుద్ధం నుంచి బతికి బయటపడిందని, ఇప్పటికీ రాత్రిళ్ళు దిండు కింద రొట్టె ముక్క దాచుకుంటుందని చెబుతుంది. పొద్దున్నే ఆ ముక్కని ఈమె తీసి, ఆవిడకి కనపడకుండా కొత్త ముక్క పెడుతుంది. ఈ సంగతి విన్న రోజు అత్తయ్యగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

2021 మే నెల మేం మర్చిపోలేం. మావయ్యగారు కోవిడ్‌తో పోయారు. కూతురు రాలేకపోయింది, వీడియో కాల్లో మట్టి వెయ్యడం చూసింది. అదే నెల అక్కడ అష్కెలోన్‌లో రాకెట్ పడి, తనలాగే ముసలివాళ్ళని చూసుకునే కేరళ అమ్మాయి చనిపోయింది. భర్త పోయిన దుఃఖంలో ఉండి కూడా అత్తయ్యగారు రోజుకి పదిసార్లు "చిన్నమ్మాయికి ఫోను కొట్టు" అనేవారు.

అప్పటి నుంచే ఆవిడకి యెరూషలేము వెళ్ళాలని పట్టుకుంది. బైబిల్లో చదివిన ఊళ్ళు చూడాలని కొంత, కూతుర్ని చూడాలని కొంత. ఏది ఎంతో ఆవిడే చెప్పలేరు.

ఇక్కడ నేను అత్తయ్యగారి వైపే. మా వారు, మా మరిది "ఆ లక్షన్నరతో ఇంటికి స్లాబు వేసుకోవచ్చు, దేవుడు రాజోల్లో లేడా" అంటారు. దేవుడు రాజోల్లోనూ ఉన్నాడు, కానీ మరిది కిందటేడు ఇద్దరు స్నేహితులతో గోవా వెళ్ళొచ్చాడు, సముద్రం అంతర్వేదిలో లేదా అని అప్పుడు ఎవరూ అడగలేదు. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి, పుట్టింది మలికిపురం, మెట్టింది రాజోలు, దూరప్రయాణం అంటే విజయవాడ ఆసుపత్రి. ఆవిడ ఒక్కసారి తన కోరికతో తాను ఎక్కడికైనా వెళ్తానంటే ఖర్చు లెక్కలు తీస్తారు.

యాత్ర అనేది మనకి కొత్తా? 1830లో చెన్నపట్నం నుంచి పరివారంతో కాశీ బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు ఏడాదికి పైగా దారిలోనే గడిపి, ఏ ఊళ్ళో ఏం దొరుకుతుందో, ఏ సత్రం ఎలా ఉందో రాసిపెట్టారు. డిగ్రీలో ఆ కాశీయాత్ర చరిత్ర గురించి చదువుకున్నప్పుడు నాకు భక్తి కన్నా ఆయన కుతూహలమే ఎక్కువ నచ్చింది. మా ఎదురింటి పెద్దావిడ కాశీ వెళ్ళొచ్చి గంగ చెంబులు పంచితే అత్తయ్యగారు రెండు చేతులతో పుచ్చుకుని పూజగదిలాంటిది మాకు లేదు గనక బీరువాలో పెట్టారు. తను యొర్దాను నీళ్ళు తెస్తే ఆవిడకిస్తానని మాట కూడా ఇచ్చారు.

ప్రభుత్వం కూడా యెరూషలేము యాత్రకి సాయం ఇచ్చింది. 2019లో దాన్ని పెంచి, ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకి 40 వేల నుంచి 60 వేలు, అంతకు మించితే 20 వేల నుంచి 30 వేలు చేశారు. క్రైస్తవ మైనారిటీ కార్పొరేషన్ ద్వారా ఇచ్చేది. మేం అర్జీ పెట్టలేదు. పెట్టాలంటే కాగితం మీద క్రైస్తవులమని చెప్పుకోవాలి. మతం మారిన దళితుడు చట్టం లెక్కలో ఎస్సీ నుంచి బీసీ-సిలోకి వెళ్ళిపోతాడు. మా పేటలో ఎంతమంది ఈ మాట దగ్గర ఆగిపోతారో చదివేవాళ్ళలో తెలిసినవాళ్ళకి తెలుసు, నేను విప్పి చెప్పను.

కాబట్టి సొంత డబ్బే. 2023 నవంబరు టూరుకి ముప్ఫై వేలు అడ్వాన్సు కట్టాం. జోర్డాను, ఇశ్రాయేలు, ఈజిప్టు కలిపి పది రోజులు. తెల్లంగీ కుట్టించాం, యొర్దానులో మునగడానికి. అక్టోబరు 7న యుద్ధం మొదలైంది. టూరు పోయింది, అడ్వాన్సులో సగమే తిరిగొచ్చింది. ఆపరేషన్ అజయ్ పేరుతో మన ప్రభుత్వం విమానాలు పంపితే కొంతమంది వచ్చేశారు. మా ఆడపడుచు రాలేదు. "సవ్తాని ఎవరి మీద వదిలి రాను వదినా, సైరన్ మోగితే తొంభై సెకన్లలో ఆవిడని చక్రాల కుర్చీతో గదిలోకి తొయ్యాలి" అంది. ఆ మాటకి నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నీ కూతురు ఇక్కడ ఉంది కదా అనబోయి మానేశాను.

ఇప్పుడు కవరు సంగతికి వస్తాను.

యూదుల కోసం క్రైస్తవులు డబ్బు పోగుచెయ్యడం మా ఊళ్ళో పుట్టిన పని కాదు. యెరూషలేములో 1980 నుంచి ఇంటర్నేషనల్ క్రిస్టియన్ ఎంబసీ అనే సంస్థ ఉంది. అమెరికాలో 1983లో ఒక రబ్బీ, యెహియేల్ ఎక్‌స్టీన్, క్రైస్తవుల దగ్గర చందాలు తీసుకుని యూదులకి సాయం చెయ్యడానికి ఒక ఫెలోషిప్ పెట్టారు. తిండి డబ్బాలు, వృద్ధుల పోషణ, ఇశ్రాయేలుకి విమానం టిక్కెట్లు, ఇలాంటి పనులకి ఆ డబ్బు వాడతారు. మన దేశానికి కూడా ఇందులో వాటా ఉంది. మణిపురం, మిజోరం నుంచి బ్నే మెనాషే అనేవాళ్ళు, తాము ఇశ్రాయేలు తప్పిపోయిన గోత్రమని చెప్పుకునేవాళ్ళు, వేలమంది అక్కడికి వెళ్ళి స్థిరపడ్డారు. 2005లో అక్కడి ప్రధాన రబ్బీ వాళ్ళని గుర్తించాక దారి తేలికైంది. వాళ్ళ విమాన ఖర్చులు కొన్నిసార్లు ఆ క్రిస్టియన్ ఎంబసీ పెట్టుకుంది.

అంటే పని ఉంది, లెక్కలు రాసే సంస్థలూ ఉన్నాయి. మా కవరు మీద ఏ సంస్థ పేరూ లేదు. చిరునామా లేదు, రసీదు లేదు. అడిగితే "ఇచ్చేది దేవునికి, లెక్క అడగకూడదు" అన్నారట.

ఇది నేను ఒప్పుకోను. దేవునికిచ్చేదానికే లెక్క ఎక్కువ ఉండాలి. యెరూషలేము పేదల కోసం చందా వసూలు చేసిన మొదటివాడు పౌలే కదా. క్లౌదియ చక్రవర్తి రోజుల్లో కరువొస్తే అంతియొకయవాళ్ళు యూదయలోని సహోదరులకి సాయం పంపారు, తీసుకెళ్ళింది బర్నబా, సౌలు. తర్వాత మాసిదోనియ, అకయ ప్రాంతాల సంఘాల్లో పౌలు ఏళ్ళ తరబడి పోగుచేశాడు. కొరింథువాళ్ళకి రాసిన రెండు ఉత్తరాలూ తీసి చూడండి. మీరు నమ్మినవాళ్ళనే ఎంచుకోండి, వాళ్ళ చేతే పంపిస్తాను అన్నాడు. ఇంత పెద్ద మొత్తం విషయంలో మా మీద ఎవరూ వేలెత్తి చూపకూడదని, డబ్బుతో పాటు మనుషుల్ని వెంట పెట్టాడు. అపొస్తలుడికే సాక్షులు కావలసివస్తే, మూడు రాత్రులుండి వెళ్ళిపోయేవాళ్ళకి అక్కర్లేదా?

ఇంకో మాట కూడా నన్ను తొలుస్తోంది. ఆ రాత్రి ప్రసంగంలో యూదులంతా తిరిగి చేరితే ప్రభువు రాకడ దగ్గరవుతుందని చెప్పారు. అంటే మనం ఇచ్చేది వాళ్ళ కోసమా, మన లెక్క తొందరగా తేలడం కోసమా? పక్కింటి పిల్లకి అన్నం పెడుతూ, ఆ పిల్ల తింటే నాకు పుణ్యం వస్తుందని ఆ పిల్ల మొహమ్మీదే అన్నట్టు లేదూ? సవ్తాకి ఈ సంగతి తెలిస్తే ఏమనుకుంటుందో అని ఆలోచించాను. ఆవిడ తన పనిమనిషి ఊరివాళ్ళు తనని ఒక ప్రవచనంలో మెట్టుగా చూస్తున్నారని అనుకోవడం నాకిష్టం లేదు.

మా మేనకోడలు కాకినాడ నుంచి వచ్చినప్పుడు ఫోనులో ఒక విషయం చూపించింది. మన గుంటూరు జిల్లాలోనే, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తాము యూదులమని చెప్పుకునే తెలుగువాళ్ళున్నారు. బెనె ఎఫ్రాయిం అంటారు. మాదిగ కుటుంబాలు, ముందు క్రైస్తవులు. షమ్వేలు యాకోబి, సాదోకు యాకోబి అనే అన్నదమ్ములు నడిపించగా 1990ల మొదట్లో అక్కడ సమాజమందిరం వెలిసింది. శనివారం విశ్రాంతి పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. ఇశ్రాయేలు ప్రభుత్వం వాళ్ళని యూదులుగా గుర్తించలేదు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు 2013లో వాళ్ళ మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే తెచ్చారు.

పదేళ్ళ కిందట పొన్నూరులో పెళ్ళికి వెళ్తూ గుంటూరులో చీరలు కొని, చేబ్రోలు మీదుగానే వెళ్ళాం. కారు ఆపి టీ కూడా తాగాం. అత్తయ్యగారు కిటికీలోంచి మిరపచేలు చూస్తూ కూర్చున్నారు. యూదుల ప్రార్థనామందిరం ఆ దాపుల్లో ఉందని అప్పుడు మాలో ఎవరికీ తెలియదు.

వాళ్ళు నిజంగా యూదులా కాదా అని తేల్చడం నా పని కాదు. వేల ఏళ్ళ వంశం ఎవరు రుజువు చెయ్యగలరు? కానీ ఊరి చివర పేటలో పుట్టిన మనిషి తన గతాన్ని ఇంకోలా చదువుకుని, నేను ఎవరి కన్నా తక్కువ కాదు అని నిలబడాలనుకోవడం నాకు బాగా అర్థమవుతుంది. మా తాతలు 19వ శతాబ్దంలో ఈ గోదావరి డెల్టాకి వచ్చిన బౌడెన్, బీర్ దంపతుల మాట విన్నదీ అందుకే. 1836లో ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు వాళ్ళు. ఏ ఊరి మనుషుల చందాలో వాళ్ళని ఇక్కడ నిలబెట్టాయి, నర్సాపురం చుట్టుపక్కల సంఘాలు అలా పుట్టాయి. అందుకని దూరదేశానికి చందా పంపడమే తప్పని నేననలేను. అన్నానంటే నేను కూర్చునే చర్చి బెంచీకే తప్పు పట్టినట్టు.

ఇదంతా అత్తయ్యగారికి చెప్పాను. గుమ్మటం గురించీ, పౌలు గురించీ, కొత్తరెడ్డిపాలెం గురించీ. బీఏ తెలుగు చదివిన కోడలికి మాటలకి కరువా. ఆవిడ బియ్యం చెరుగుతూ అంతా విన్నారు. మా ఇంట్లో ఇప్పటికీ అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పొయ్యకముందు పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేస్తాం. శనివారం ఆ డబ్బా చర్చికి వెళ్తుంది, అక్కణ్ణుంచి పేటలో ఒంటరిగా ఉన్న ఇద్దరు ముసలివాళ్ళకి. ఆ అలవాటు ఆవిడదే, నాది కాదు. నేను ఈ ఇంటికొచ్చాక నేర్చుకున్నాను.

చెరగడం అయ్యాక అన్నారు: "యూదులని నాకేం తెలుసమ్మా. మన చిన్నమ్మాయి చూసే ఆ ముసలావిడ ఉంది కదా. దిండు కింద రొట్టె పెట్టుకుంటుంది కదా. ఆవిడలాంటివాళ్ళకి వెళ్తుందని ఇచ్చాను."

నేనింకేం మాట్లాడలేదు. ఆవిడ డబ్బు ఆవిడలాంటివాళ్ళకి వెళ్ళి ఉండదని నాకు దాదాపు తెలుసు. కానీ ఆవిడ ఇచ్చినప్పుడు ఎదురుగా ఒక మనిషి మొహం ఉంది. వాదించిన నా దగ్గర పుస్తకాలున్నాయి.

అయినా నా మాట మీదే ఉన్నాను. తర్వాతి ఆదివారం మా స్త్రీల సమాజంలో లేచి అడిగాను. ఇకమీదట బయటి పని ఏదైనా సరే, సంస్థ పేరూ రసీదూ లేకుండా కవర్లు పంచనివ్వొద్దని. పెద్దవాళ్ళ పింఛను రోజుల్లో అసలు పంచొద్దని. నలుగురు తల ఊపారు, ఒకావిడ "రూతులాంటి కోడలివి అనుకున్నాం" అంది. మా పెళ్ళిళ్ళల్లో ప్రతి పెళ్ళికూతురికీ ఈ దీవెన తప్పదు. రూతు అత్తగారి వెంట బెత్లెహేము వెళ్ళింది గానీ, పొలంలో పరిగె ఎన్ని మానికలొచ్చిందో కొలుచుకునే ఇంటికి తెచ్చింది. ఆ మాట పైకి అనలేదు. పాస్టరు గారు సంఘపెద్దలతో మాట్లాడతానన్నారు. చూడాలి.

బెత్లెహేము అంటే గుర్తొచ్చింది. వెళ్ళొచ్చినవాళ్ళు మనకి తెచ్చిచ్చే ఒలీవ చెక్క సిలువలు అక్కడి క్రైస్తవ కుటుంబాలు చెక్కేవే. వాళ్ళు పాలస్తీనా అరబ్బులు, మనలాగే ఆదివారం గుడికి వెళ్ళేవాళ్ళు. యాత్రికులు రాక వాళ్ళ కొట్లు మూతబడితే వాళ్ళ పిల్లలకీ కష్టమే. మన ప్రార్థనల్లో యెరూషలేము క్షేమం తరచూ వస్తుంది, వీళ్ళ ఊసు రావడం నేను వినలేదు. గాజాలో చచ్చిపోయిన పిల్లల ఊసు అసలే వినలేదు. మా ఆడపడుచుని అడిగితే "ఇక్కడ సవ్తా టీవీలో అది చూసి ఏడుస్తుంది వదినా, మీ చర్చిలో చెప్పరా" అంది.

యాత్ర మాటకొస్తే, మళ్ళీ చీటీ కడుతున్నాం. దారులు ఎప్పుడు పూర్తిగా తెరుచుకుంటాయో, అప్పటికి అత్తయ్యగారి మోకాళ్ళు ఎలా ఉంటాయో. ఈసారి మంచి నెల చూసుకోవడం కన్నా కూతురి సెలవు రోజు చూసుకోవడం మీదే ఆవిడ పట్టు. వారానికి ఒక్క రోజే ఆమెకి సెలవు. అది శనివారమైతే అక్కడ బస్సులు తిరగవు, పెతాహ్ తిక్వా నుంచి యెరూషలేము రావడం కష్టం. టూరువాళ్ళు గుంపు వదిలి వెళ్ళనివ్వరు. కాబట్టి గోడ దగ్గర చీటీలు పెట్టేచోట, ఒక రెండు గంటలు. ఎనిమిదేళ్ళకి రెండు గంటలు. అత్తయ్యగారు అది చాలంటున్నారు.

ఇంకో పేచీ కూడా ఉంది. సవ్తాకి ఆత్రేయపురం పూతరేకులు తీసుకెళ్తారట. ఆ ఇంట్లో పాలకీ మాంసానికీ వేరే వేరే గిన్నెలు, ఒకటి తిన్న పూట రెండోది ముట్టరు, మా ఎదురింటివాళ్ళ మడి దీని ముందు ఏ పాటి అని ఆడపడుచు నవ్వుతుంది. పూతరేకుల్లో నెయ్యి ఉంటుంది కదా. మాంసం తిన్నాక ఎన్ని గంటలకి పెట్టొచ్చో కనుక్కోమని నిన్న రాత్రి నా చేత మళ్ళీ ఫోను చేయించారు.